కొత్త ఎయిర్ పిస్టల్‌ను చేతికి అలవాటు చేసుకోవడం: ముందు గ్రిప్, తరవాత ట్రిగ్గర్, చివరికి సైట్లు

క్లబ్బు పిస్టల్‌తో ఏడాదో రెండేళ్లో సాధన చేసి ఎట్టకేలకు సొంత పిస్టల్ కొనుక్కున్న షూటరుకు మొదటి కొన్ని వారాల్లో స్కోరు తగ్గడం మామూలే. పిస్టల్ ఎంత ఖరీదైనదైనా ఇందులో తేడా ఉండదు. స్టెయర్ ఎల్‌పీ10 నుంచి మొరీని సీఎం 162కు మారినా, వాల్తర్ నుంచి పార్దీనీకి మారినా, పాత గ్రిప్ (పిడి) వాలుకూ పాత ట్రిగ్గర్ బరువుకూ (ట్రిగ్గర్ పడడానికి వేలు పెట్టవలసిన ఒత్తిడికీ) అలవాటుపడిన చేయి కొత్తదాన్ని కూడా పాతదానిలాగే పట్టుకోబోతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని స్క్రూడ్రైవరు తీసుకొని రియర్ సైటును, అంటే గురి చూసే వెనక గాడిని, తిప్పడం. రెండో పని ట్రిగ్గర్‌ను వీలైనంత తేలిక చేయడం. ఈ రెండూ చివర చేయవలసిన పనులు. గ్రిప్ కుదరకముందే సైటు తిప్పితే ఆ రోజు చేయి చేసిన తప్పును సైటులో బిగించి పెట్టినట్లే అవుతుంది. మర్నాడు చేయి వేరొక విధంగా పట్టుకుంటే మళ్లీ సైటు తిప్పవలసి వస్తుంది. ఒలింపిక్ పోటీ అయిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌ను దృష్టిలో పెట్టుకొని, కుడిచేతి వాటం వారికి సరిపోయేలా ఈ వివరాలు రాస్తున్నాను. ఎడమచేతి వారు దిక్కులను తారుమారు చేసి చదువుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు

పిస్టల్‌లో పెల్లెట్ (చిన్న సీసపు గుండు) లేదని కళ్లతో చూసి నిర్ధారించుకోవడం, గొట్టం ఎప్పుడూ రేంజి వైపే ఉంచడం, కాల్చని సమయంలో ఆ గొట్టంలో (బ్యారెల్‌లో) సేఫ్టీ ఫ్లాగ్ (ఖాళీగా ఉందని చూపే రంగు తీగ) పెట్టడం, గురి చూసే దాకా వేలిని ట్రిగ్గర్ గార్డు బయట ఉంచడం ఈపాటికి మీకు అలవాటై ఉండాలి. గ్రిప్ విప్పేటప్పుడు, చెక్కేటప్పుడు, స్క్రూలు తిప్పేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం: ఆ పనులన్నీ గాలి సిలిండరును ఊడదీసి పక్కన పెట్టాకే చేయాలి. ట్రిగ్గర్ సర్దుబాటును పరీక్షించడానికి పిస్టల్‌ను కాక్ చేయక (కాల్చడానికి సిద్ధం చేయక) తప్పనప్పుడు ఆ పరీక్షను రేంజిలో ఫైరింగ్ లైను మీదే, గొట్టం టార్గెట్ వైపు ఉంచి చేయాలి. సిలిండరు మీద ముద్రించిన గడువు తేదీని కూడా కొన్న రోజే చూసి రాసుకోండి; గడువు దాటిన సిలిండరును పోటీల్లో అనుమతించరు, అది సురక్షితమూ కాదు.

నిబంధనల హద్దులు ముందే తెలిసి ఉంటే, మార్పులన్నీ చేశాక తిరిగి విప్పే శ్రమ తప్పుతుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ బరువు 1500 గ్రాములు మించకూడదు. ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతలున్న పెట్టెలో పట్టాలి. గ్రిప్‌లో ఏ భాగమూ చేతిని చుట్టేయకూడదు, మణికట్టుకు ఆసరాగా ఉండకూడదు. అరచేతి మడమ కింద ఉండే పలకను, అంటే రేంజిలో అందరూ పామ్ షెల్ఫ్ అని పిలిచే భాగాన్ని, చేతిని పైకి వంగి కౌగిలించుకునేలా మలచడం కుదరదు. పుట్టీతో గ్రిప్ పెంచుకునేవారు మొదట మరిచిపోయేది 50 మిల్లీమీటర్ల వెడల్పు హద్దునే.

గ్రిప్‌కు మొదటి స్థానం ఎందుకు

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఫ్రంట్ సైటుకూ రియర్ సైటుకూ మధ్య దూరం 330 మిల్లీమీటర్లు అనుకోండి. రియర్ సైటు గాడిలో ఫ్రంట్ సైటు 1 మి.మీ. పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ సుమారు 30 మి.మీ. పక్కకు పోతుంది. రెండు సైట్లూ ఒకదానికొకటి సరిగ్గా కుదిరి ఉండి చేయి మొత్తంగా 1 మి.మీ. పక్కకు జరిగితే మాత్రం పెల్లెట్ జరిగేదీ 1 మి.మీ. మాత్రమే. పది రింగు వ్యాసం 11.5 మి.మీ., పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ.; పెల్లెట్ అంచు గీతను తాకినా పది లెక్కలోకి వస్తుంది కాబట్టి నడిబొడ్డు నుంచి 8 మి.మీ. దాకా పదే. అంటే చేయి 8 మి.మీ. ఊగినా పది పోదు, కాని సైట్ల కుదురు పావు మిల్లీమీటరుకు కాస్త మించి చెదిరితే తొమ్మిది అవుతుంది. అర మిల్లీమీటరు దాటి చెదిరితే ఎనిమిది.

చేయి ఊగడాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరు, ఆపనక్కరా లేదు. సైట్ల కుదురును నిర్ణయించేది మణికట్టూ, అరచేయీ, ట్రిగ్గర్ మీది వేలూ. చేయి ఎత్తి దించినప్పుడు ఏ ప్రయత్నమూ చేయకుండానే ఫ్రంట్ సైటు గాడి మధ్యలో నిలిచే గ్రిప్ ఉంటే, ఆ పావు మిల్లీమీటరు కోసం ప్రతి షాటుకూ మణికట్టుతో పోరాడే పని ఉండదు. అలా కుదరని గ్రిప్‌తో కూడా మంచి గ్రూపులు (ఒకచోట గుమిగూడిన పెల్లెట్ రంధ్రాలు) పడతాయి, పడవని కాదు. కాని 60 షాట్ల పోటీలో నలభయ్యో షాటు దాటేసరికి మణికట్టు అలసి, అంతదాకా బలవంతంగా సరిదిద్దుతూ వచ్చిన కోణం మెల్లగా జారిపోతుంది. చివరి రెండు సిరీస్‌లలో (పదేసి షాట్ల వరసల్లో) మాత్రమే స్కోరు పడిపోయే షూటర్లలో చాలామందిని ఓపిక లేనివారని అంటుంటారు. నా అభిప్రాయంలో వారిలో సగం మందికి కావలసింది ఆకురాయీ, కాస్త పుట్టీ.

గ్రిప్‌ను చేతికి కుదర్చడం

గ్రిప్‌లు చిన్న, మధ్యస్థ, పెద్ద కొలతల్లో వస్తాయి. సందేహం ఉంటే ఒక కొలత పెద్దదే తీసుకోవాలని కొందరు చెబుతారు, చెక్కి తగ్గించుకోవచ్చు కదా అని. ఆ సలహా అరచేతి మందానికి పనికొస్తుంది గాని వేళ్ల పొడవుకు పనికిరాదు. చూపుడువేలు ట్రిగ్గర్‌ను సరైన చోట అందుకోలేనంత పెద్ద గ్రిప్‌ను ఎంత చెక్కినా లాభం తక్కువ.

పిస్టల్‌ను చేతిలోకి తీసుకునే పద్ధతి ప్రతిసారీ ఒకటే కావాలి. ఎడమచేత్తో బ్యారెల్ దగ్గర పట్టుకొని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న సందును గ్రిప్ వెనక వంపులోకి, పైకి వీలైనంత ఎత్తుగా చొప్పించాలి. చేయి ఎంత ఎత్తుగా కూర్చుంటే బ్యారెల్ ముంజేతి గీతకు అంత దగ్గరగా వస్తుంది. ఆ తరవాతే మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు వరుసగా ముడవాలి. పిస్టల్ పట్టుకున్నాక చేతిలోనే అటూ ఇటూ కదిపి సర్దుకునే అలవాటు ఉంటే మానుకోండి; సర్దుకోవలసి వచ్చిందంటే పిస్టల్‌ను బల్ల మీద దింపి మళ్లీ మొదటి నుంచి పట్టుకోవాలి. మొదటి వారంలో ఇది విసుగు పుట్టిస్తుంది. అయినా చేతికి ఒకే దారి నేర్పించడానికి ఇంతకంటే సులువైన మార్గం నాకు కనబడలేదు.

చేయి గ్రిప్‌ను ఎక్కడ తాకుతోందో, ఎక్కడ తాకడం లేదో చూపు ద్వారా తెలియదు. అరచేతికి పల్చగా టాల్కం పౌడరు రాసి, అదనపు పొడి దులిపేసి, పిస్టల్‌ను పోటీలో పట్టుకున్నట్లే పట్టుకొని, చేయి చాచి పదిహేను సెకన్లు ఉంచి, జాగ్రత్తగా విడవండి. ముదురు రంగు వాల్‌నట్ చెక్క మీద తెల్లటి మచ్చలు స్పష్టంగా కనబడతాయి. బొటనవేలి మొదలు దగ్గర ఒక చిన్న గుండ్రటి మచ్చ మాత్రమే చిక్కగా పడి, అరచేతి మధ్య భాగంలో ఏమీ లేకపోతే, ఆ గుబ్బ మీద పిస్టల్ ఇరుసు మీద తిరిగినట్లు తిరుగుతోందని అర్థం. ఆ గుబ్బను ఉప్పు కాగితంతో కొంచెం అరగదీసి, పౌడరు రాసి మళ్లీ చూడాలి. ఒక్కోసారి పది పన్నెండు రుద్దులకు మించి రుద్దవద్దు. తీసిన చెక్క మళ్లీ రాదు.

ఖాళీగా ఉన్న చోట నింపడానికి రెండు పదార్థాలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ వాడతారు, హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికేదే సరిపోతుంది. అయితే పుట్టీకి ముందు గుడ్డ టేపుతో ప్రయోగం చేయడం మంచిది. అనుమానం ఉన్నచోట టేపు ముక్కలు రెండు మూడు పొరలుగా అంటించి, ఒక పూట సాధన చేసి చూస్తే ఆ చోట మందం పెరగడం వల్ల ఫ్రంట్ సైటు ఎటు జరుగుతుందో ముందే తెలిసిపోతుంది. ఫలితం బాగుంటే అంతే మందాన పుట్టీ పెట్టండి. బాగాలేకపోతే టేపు ఊడదీస్తే సరి. పుట్టీ ఇంకా మెత్తగా ఉండగానే చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని గ్రిప్ పట్టుకుంటే అరచేతి అచ్చు దిగుతుంది, కాని ఆ అచ్చును నున్నగా వదిలేయక, ఆరాక ఉప్పు కాగితంతో గరుకు చేయాలి.

పామ్ షెల్ఫ్ దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు దాన్ని పైకి బిగించి చేతిని ఇరికించడం. చేయి గట్టిగా కూర్చున్నట్లు అనిపిస్తుంది కాబట్టి చిన్న చేతులున్న కొత్త షూటర్లకు ఇది బాగా నచ్చుతుంది. కాని అరచేతి మడమ కింద నుంచి నెట్టే ఒత్తిడి ప్రతి షాటుకూ ఒకేలా ఉండదు, ఫలితంగా గ్రూపు నిలువుగా సాగుతుంది. చేయి సహజంగా ముడిచినప్పుడు పలక చేతి అంచును తాకీ తాకనట్లు ఉండాలి. చేయి లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ఒరుసుకుంటూ ఉంటే అర మిల్లీమీటరు కిందికి దించండి.

ఇక అసలు పరీక్ష. టార్గెట్ ఎదురుగా నిలబడి, పిస్టల్ పట్టుకొని, చేయి ఎత్తి, కళ్లు మూసుకొని, మామూలుగా గురి చూసే ఎత్తుకు దించి, రెండు శ్వాసలు ఆగి కళ్లు తెరవాలి. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కనబడతాయి, వాటిని కలిపేయకూడదు. సైట్లు ఒకదానితో ఒకటి కుదిరి ఉండి, రెండూ కలిసి టార్గెట్‌కు పక్కగా ఉంటే అది పాదాల సమస్య; వెనక పాదాన్ని కొద్దిగా జరిపితే సరిపోతుంది, గ్రిప్ ముట్టుకోకూడదు. గాడిలో ఫ్రంట్ సైటే పక్కకో, పైకో, కిందికో ఉంటే అది గ్రిప్ సమస్య. ఫ్రంట్ సైటు పైకి పొడుచుకు వస్తుంటే గ్రిప్‌తో పోలిస్తే బ్యారెల్ కొస కిందికి రావాలి. గాడిలో మునిగిపోతుంటే పైకి రావాలి. నేటి పోటీ పిస్టళ్లలో చాలావాటికి గ్రిప్ వాలు మార్చుకునే స్క్రూలు ఉంటాయి. చాలా స్వల్పంగా మార్చి, అదే పరీక్షను ఇరవై సార్లయినా చేసి, ఎక్కువసార్లు ఏం జరుగుతోందో చూసి నిర్ణయించండి. ఒక్కసారి కళ్లు తెరిచి చూసినదాన్ని బట్టి స్క్రూ తిప్పేవారి పిస్టల్ ఎప్పటికీ కుదరదు.

ఎంత గట్టిగా పట్టుకోవాలన్న ప్రశ్నకు కిలోల్లో సమాధానం లేదు. చేయి వణకడం మొదలయ్యేదాకా బిగించి, వణుకు ఆగేదాకా సడలిస్తే వచ్చేది ఎక్కువమందికి సరిపోయే బిగువు. ఆ బిగువు మధ్యవేలు, ఉంగరపు వేళ్ల నుంచి రావాలి. అవి గ్రిప్‌ను నేరుగా వెనక్కి, అరచేతిలోకి లాగాలి. చిటికెన వేలు ఊరికే ఆని ఉంటుంది. బొటనవేలు తన చోట విశ్రాంతిగా ఉండాలి, నొక్కకూడదు. బిగువు ఎక్కువ తక్కువల కన్నా, చేయి ఎత్తినప్పటి నుంచి పెల్లెట్ వెళ్లి రెండు సెకన్లు గడిచేదాకా అది మారకపోవడమే ముఖ్యం.

ట్రిగ్గర్

గ్రిప్ కుదిరాక, దాన్ని ఇక కదపనని తేల్చుకున్నాక ట్రిగ్గర్ జోలికి రావాలి. ముందు బరువు సంగతి వదిలేసి ట్రిగ్గర్ బ్లేడు స్థానం చూడండి. బ్లేడును ముందుకూ వెనక్కూ జరపవచ్చు, చాలా పిస్టళ్లలో పక్కకు వంచనూ వచ్చు. చూపుడువేలి కొన కణుపులో మెత్తటి దిండు లాంటి భాగం మధ్యలో బ్లేడు ఆనాలి; వేలు మొదట్లో గ్రిప్‌ను తాకకుండా, మధ్య కణుపు దగ్గర చిన్న సందు ఉండాలి. వేలి పక్క భాగం చెక్కకు రాసుకుంటుంటే నొక్కిన ప్రతిసారీ ఆ రాపిడి పిస్టల్‌ను పక్కకు నెడుతుంది. సందు లేకపోతే చెక్కనైనా అరగదీయాలి, బ్లేడునైనా ముందుకు జరపాలి.

వేలు నొక్కే దిశ బ్యారెల్ గీతకు సమాంతరంగా, నేరుగా వెనక్కి ఉందో లేదో తెలుసుకోవడానికి, తెల్లటి గోడ ఎదుట డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కడం) చేస్తూ ట్రిగ్గర్ విడిచిన క్షణంలో ఫ్రంట్ సైటు కొసను చూడండి. ప్రతిసారీ ఒకే దిక్కుకు గెంతుతుంటే బ్లేడు స్థానం తప్పు. గెంతే దిక్కు ఒక్కోసారి ఒక్కోటి అయితే తప్పు బ్లేడులో లేదు, వేలు నొక్కే తీరులో ఉంది. ఈ తేడా తెలుసుకోకుండా అలెన్ కీ పట్టుకోకండి.

పోటీ ఎయిర్ పిస్టళ్ల ట్రిగ్గర్ రెండు దశల్లో పనిచేస్తుంది. మొదటి దశలో బ్లేడు కొంత దూరం నున్నగా కదిలి, ఒక గోడను తాకినట్లు ఆగుతుంది. అక్కడి నుంచి ఇంకాస్త ఒత్తిడి పెంచితే షాటు విడుదలవుతుంది. మొత్తం బరువును ఈ రెండు దశలూ పంచుకుంటాయి. పాత పిస్టల్‌లో మొదటి దశకు 300 గ్రాములు, రెండో దశకు 200 గ్రాములు ఉండి, కొత్తదానిలో అది 400, 100గా ఉంటే, మొత్తం ఒకటే అయినా వేలికి అవి పూర్తిగా వేర్వేరు ట్రిగ్గర్లు. రెండో దశ తేలికైనకొద్దీ షాటు అనుకోకుండా పోయే భయం పెరిగి, ఆ భయంతో కొందరు మొదటి దశను పూర్తిగా తీసుకోకుండా వేలిని మధ్యలోనే ఆపుతారు. అక్కడి నుంచి ఒక్కసారిగా లాగుతారు. కాబట్టి మొదట్లో మొదటి దశ 350 గ్రాముల దగ్గర, మొత్తం 530 గ్రాముల దగ్గర ఉండేలా అమర్చి, గోడ ఎక్కడుందో వేలికి స్పష్టంగా తెలియనివ్వండి. ఒకటి రెండు నెలలయ్యాక కావాలంటే 510 దాకా తగ్గించుకోవచ్చు. సరిగ్గా 500 దగ్గర పెట్టడం తెలివైన పని అనుకోను. స్ప్రింగు కాస్త సడలినా పోటీ తనిఖీలో నిలవదు.

షాటు విడుదలయ్యాక బ్లేడు ఇంకా వెనక్కి పోయే దూరాన్ని ఆపే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని మరీ బిగిస్తే ట్రిగ్గర్ విడుదల కాకుండా పోవచ్చు, మరీ వదిలితే వేలు విడుదల తరవాత లోపలికి దూకి పిస్టల్‌ను కదుపుతుంది. విడుదల అయ్యాక కొద్దిపాటి కదలిక మిగిలేలా ఉంచడం మంచిది. మొరీని 162 ఈఐ లాంటి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న పిస్టళ్లలో బ్లేడు ఒక చిన్న స్విచ్చును నొక్కుతుంది కాబట్టి విడుదల ప్రతిసారీ ఒకే తీరుగా, చాలా శుభ్రంగా ఉంటుంది. మెకానికల్ ట్రిగ్గర్ నుంచి వచ్చినవారికి మొదట్లో అది ఏమీ జరగనట్లే తోస్తుంది. ఆ అనుభూతికి వేలు అలవాటుపడే దాకా ట్రిగ్గర్ బరువు మార్చకండి.

నొక్కే పద్ధతి విషయానికి వస్తే, చేయి నల్లటి వలయం మీదుగా దిగి కిందనున్న తెల్లటి ప్రదేశంలోకి వచ్చే లోపలే మొదటి దశ పూర్తి కావాలి. అక్కడ కదలిక నెమ్మదించేసరికి వేలు గోడ దగ్గర ఎదురుచూస్తూ ఉండాలి. ఆపైన చూపు ఫ్రంట్ సైటు మీదే నిలిపి, ఒత్తిడిని ఆపకుండా సమంగా పెంచుతూ పోవాలి. చేయి నిలిచాక ఐదు నుంచి ఎనిమిది సెకన్లలో షాటు పోకపోతే వేలు తీసి, చేయి దించి, మళ్లీ మొదలుపెట్టాలి. 60 షాట్లకు 75 నిమిషాలుంటాయి, తొందర అక్కరలేదు. సైట్లు సరిగ్గా పది కింద కనబడిన క్షణాన ‘ఇప్పుడే’ అని లాగే అలవాటు పాత పిస్టల్‌తో అంతగా హాని చేయకపోయి ఉండవచ్చు. కొత్త ట్రిగ్గర్ గోడ ఎక్కడుందో వేలికి ఇంకా తెలియదు కాబట్టి ఇప్పుడు ఆ అలవాటు ఎనిమిదీ ఏడూ చూపిస్తుంది.

సాధన క్రమం, ఆపైన సైట్లు

మొదటి రెండు వారాలు పెల్లెట్లకు పెద్దగా ఖర్చు పెట్టనక్కరలేదు. పోటీ పిస్టళ్లలో గాలి ఖర్చు కాకుండా ట్రిగ్గర్‌ను మాత్రమే పనిచేయించే డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. తెల్లటి గోడ ఎదుట రోజూ అరగంట, మధ్యలో విరామాలతో చేస్తే చాలు. గోడ మీద ఏ గుర్తూ ఉండకూడదన్నది ఇక్కడ ముఖ్యం. గురి చూడవలసినది ఏమీ లేనప్పుడు కంటికి సైట్లు తప్ప వేరే పని ఉండదు. ఆ తరవాత రేంజిలో టార్గెట్ కార్డును తిరగేసి, ఖాళీ తెల్లటి వైపు కాల్చాలి. పెల్లెట్లన్నీ ఒకచోట గుమిగూడుతున్నాయా లేదా అన్నది మాత్రమే చూడండి, ఎక్కడ గుమిగూడుతున్నాయో పట్టించుకోవద్దు. మూడు నాలుగు రోజుల గ్రూపులు ఒకే చోట, ఒకే ఆకారంలో పడుతుంటే కార్డు తిప్పి నల్లటి వలయం వైపు కాల్చి, అప్పుడు రియర్ సైటు క్లిక్కులు తిప్పి గ్రూపును మధ్యకు తెచ్చుకోండి.

గ్రూపు బిగువుగా ఉండి మధ్యకు దూరంగా పడితే సైటు మార్చాలి. గ్రూపే చెదిరితే చేతిని చూడాలి. కుడిచేతి షూటరుకు షాట్లు గడియారంలో ఏడు, ఎనిమిది గంటల వైపు, అంటే ఎడమ కింద పడుతుంటే ట్రిగ్గర్‌తో పాటు మొత్తం చేయి బిగుసుకుంటోందని అనుమానించవచ్చు. నేరుగా ఎడమకు పోతుంటే బ్లేడును వేలి కొసతో పక్కకు నెట్టే అవకాశం ఎక్కువ. పైకి పోతుంటే షాటుకు ముందు మణికట్టు లేస్తోందా, అరచేతి మడమ నెడుతోందా అని చూడాలి. నిలువుగా సాగుతుంటే పామ్ షెల్ఫ్, లేదా షాటు షాటుకూ మారే బిగువు. రేంజి గోడలకు అంటించి ఉండే గడియారపు పటాలు ఇవే చెబుతాయి. అవి అనుమానాన్ని మాత్రమే చూపగలవు. డ్రై ఫైర్‌లో ఫ్రంట్ సైటు ఏం చేస్తోందో చూసి నిర్ధారించుకున్నాకే ఏదైనా మార్చండి, ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిదాన్నీ తేదీతో సహా డైరీలో రాయాలి: ఏ స్క్రూ, ఎంత మలుపు, ఎటువైపు.

పెల్లెట్ల రకం మార్చడం కూడా మార్పే. గ్రిప్ కుదురుతున్న రోజుల్లో 4.49, 4.50 మి.మీ. తల కొలతల మధ్య ప్రయోగాలు చేస్తే గ్రూపు ఎందుకు మారిందో ఎవరూ చెప్పలేరు.

పాయింట్ 22కు మారేవారికి

ఎయిర్ పిస్టల్ నుంచి 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్‌కు, అంటే పాయింట్ 22 అంగుళాల తూటా పేల్చే పిస్టల్‌కు, వెళ్లేవారికి పైన చెప్పిన క్రమమంతా వర్తిస్తుంది గాని మూడు తేడాలున్నాయి. మొదటిది చట్టం: పాయింట్ 22 పిస్టల్ తుపాకీ కిందికి వస్తుంది కాబట్టి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి, ఇంట్లో భద్రపరిచే పద్ధతి కూడా అందుకు తగ్గట్లే ఉండాలి. రెండోది ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు. ఎయిర్ పిస్టల్‌కు అలవాటైన వేలు ఈ బరువు దగ్గర ఆగిపోయి, తరవాత ఒక్క కుదుపుతో లాగుతుంది. మొదటి దశకే 700, 750 గ్రాములు కేటాయించి, చేయి పైకి వస్తుండగానే ఆ బరువును తీసుకోవడం నేర్చుకోవాలి. పోటీలోని ర్యాపిడ్ (వేగపు) దశలో టార్గెట్ కనబడేది 3 సెకన్లే, మధ్య విరామం 7 సెకన్లు. చేయి 45 డిగ్రీల కోణంలో కిందికి ఉండి, అక్కడి నుంచి లేవాలి. చేయి లేచాక ట్రిగ్గర్ మొదలుపెట్టేవారికి ఆ సమయం చాలదు. మూడోది రీకాయిల్, అంటే కాల్చినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నడం. అది స్వల్పమే అయినా, గ్రిప్‌లో చేయి కదిలే చోటు ఉంటే ఐదు షాట్ల సిరీస్‌లో రెండో షాటుకే చేయి పాత చోట ఉండదు.

రెండు పిస్టళ్లతోనూ పోటీ చేసేవారు వీలైనంతవరకు రెండు గ్రిప్‌ల వాలునూ పామ్ షెల్ఫ్ ఎత్తునూ ఒకేలా ఉంచుకోవడం మేలు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, 25 మీటర్ల పిస్టల్ రెండింటిలోనూ వ్యక్తిగత రజతాలు గెలిచారు. ఒకే క్రీడల్లో కొన్ని రోజుల తేడాతో 500 గ్రాముల ట్రిగ్గర్ నుంచి 1000 గ్రాముల ట్రిగ్గర్‌కు మారడమంటే ఏమిటో, రెండింటితోనూ ఒక వారం సాధన చేసినవారికి తెలుస్తుంది.

వాతావరణం, పోటీ తేదీ

విజయవాడలోనో విశాఖపట్నంలోనో మే నెలలో సాధన చేసేవారికి గ్రిప్‌తో పాటు చెమట కూడా లెక్కలోకి వస్తుంది. చెక్క గ్రిప్ మీద నూనె, వార్నిషు పూత దట్టంగా ఉంటే తడి చేయి జారుతుంది. పూత తగ్గించి, సన్నటి చుక్కలుగా పొడిచిన గరుకు ఉపరితలం మేలు. చెమట పీల్చే పొడి వాడవచ్చు, జిగురుగా అంటుకునే పదార్థాలను మాత్రం నిబంధనలు ఒప్పుకోవు. ఎయిర్ కండిషనింగ్ ఉన్న హాలులో చెక్కిన గ్రిప్ తేమ ఎక్కువున్న ఊళ్లో కాస్త బిగువుగా తోచవచ్చు, కాబట్టి చివరి అర మిల్లీమీటరు చెక్కడానికి తొందరపడకండి.

ముఖ్యమైన పోటీకి మూడు నెలల లోపు ఉన్నప్పుడు పిస్టల్ మార్చడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. అప్పటికే మార్చి ఉంటే, ఆఖరి రెండు వారాల్లో ఒక్క స్క్రూ కూడా తిప్పకూడదు. ఇష్టం వచ్చినట్లు తిప్పి, తిరిగి పాత చోటికి తేలేకపోవడం చాలామంది విషయంలో చూశాను. స్క్రూ తల మీదా, దాని పక్కన చెక్క మీదా కలిపి ఒకే గీతగా మార్కరుతో గుర్తు పెడితే, ప్రయాణంలో వదులైందో లేదో చూడగానే తెలుస్తుంది. పోటీ రోజు పరికరాల తనిఖీకి వెళ్లేముందు 500 గ్రాముల తూకపు బరువుతో ఒకసారి మీరే పరీక్షించుకోండి: బ్యారెల్ నిలువుగా ఉంచి, బరువును బ్లేడు మధ్యలో తగిలించి, బల్ల మీద నుంచి మెల్లగా ఎత్తాలి, కుదుపు ఇవ్వకూడదు. వరుసగా ఐదారు సార్లు బరువు లేచి ట్రిగ్గర్ పడకుండా ఉంటే బయలుదేరవచ్చు. ఒక్కసారి పడినా మొత్తం బరువును పది గ్రాములు పెంచి, ఎంత పెంచారో డైరీలో రాసి, ఆ ట్రిగ్గర్‌తో కనీసం ఇరవై డ్రై షాట్లు వేశాకే లైను మీదికి వెళ్లండి.